ఇప్పుడే కిందికి వస్తున్నా

కొరియాలో మేం కారు ఎక్కడ నిలిపినా ముందు అద్దం దగ్గర ఫోన్ నంబరు పెట్టి వెళ్తాం. కారు అడ్డమైతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అందరం అపార్ట్‌మెంట్ల వాళ్ళమే కాబట్టి, ఒంటి మీద సబ్బు ఉన్నా సరే జవాబు ఒక్కటే: "క్షమించండి, ఇప్పుడే కిందికి వస్తున్నా." అలా అని పావుగంటైనా దిగిరాని మహానుభావులున్నారు. నేనూ ఒకణ్ణి.

ఆ రోజు మా అత్తగారింట్లో ఉండగా మా అమ్మాయి దన్బికి కడుపునొప్పి వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. మధ్యాహ్నానికి నొప్పి కుడివైపుకి దిగింది, ఒళ్ళు కాలిపోతోంది. ఊళ్ళో డాక్టరు చూసి, "అపెండిక్స్‌లా ఉంది. ఆలస్యం చేస్తే లోపలే పగిలిపోతుంది. కొండ అవతల సొక్చో ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు.

కొండదారిన బయల్దేరాను. మంచు కురుస్తోంది. నొప్పి మరిచిపోతుందని బొమ్మల సినిమా పెట్టి ఫోన్ పిల్లకిచ్చాను. ఛార్జర్ అత్తగారింట్లోనే మర్చిపోయాను.

పొద్దు వాలే వేళకి కనుమ దగ్గర మలుపు తిరిగాను. దారికి అడ్డంగా ఒక తెల్ల కారు ఉంది. లోపల ఎవరూ లేరు. రోడ్డు మీద మంచు తీసింది ఒక్క బండి పట్టేంత మేరే, పక్కనుంచి పోయే వీల్లేదు. పిల్ల దగ్గర ఫోన్ తీసుకుని దిగి, దాని అద్దం మీది మంచు చేత్తో తుడిచాను. నంబరు కనబడింది. చేశాను.

"అయ్యో, అడ్డంగా ఉందా అండీ?" ఆడమనిషి గొంతు, ఎంతో మర్యాదగా. "క్షమించండి, ఇప్పుడే కిందికి వస్తున్నా."

హమ్మయ్య అనుకుని వచ్చి కార్లో కూర్చున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. వెనక్కి పోనిచ్చి ఇంకో దారిన పోవాల్సినవాణ్ణి, ఆవిడ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఇంతలో నా కారు ఇంజను దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. హీటరు ఆగింది. తడిబట్టలు మురిగిన వాసన వేసింది. అప్పుడు తట్టింది నాకు... ఆ కనుమలో ఇల్లనేదే లేదు. ఒక పక్క లోయ, ఇంకో పక్క నిట్టనిలువు బండరాయి.

కిందికి రావడానికి పైన ఏముంది?

అంబులెన్సుకి ఫోన్ చేశాను. బయల్దేరుతున్నాం, మంచు వల్ల ఆలస్యమవుతుంది అన్నారు.

పైన ఎక్కడో ధప్‌మని మంచు రాలింది. మళ్ళీ... ఇంకాస్త కింద. మళ్ళీ...

ఫోన్ మోగింది.

"ఏమండీ, మీ కారు అడ్డంగా ఉంది. కాస్త తీస్తారా?"

అదే గొంతు. నా కారు అద్దమంతా మంచు పేరుకుంది. నా నంబరు ఉన్నచోట మాత్రం ఎవరో చేత్తో తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

"క్షమించండి... బండి స్టార్ట్ అవట్లేదండి."

ఫోన్లో ఊపిరి చప్పుడు.

"అయితే పాపను కిందికి పంపండి."

ఫోన్ ఛార్జ్ అయిపోయి ఆగిపోయింది. తలుపులు లాక్ చేసి పిల్లను గుండెకి హత్తుకున్నాను. అంతకుమించి ఏం చెయ్యగలను?

"నాన్నా..." గుసగుసగా అంది. "ఆవిడ మనల్నే చూస్తోంది."

"కళ్ళు మూసుకో తల్లీ."

"మూసుకునే ఉన్నా నాన్నా."

ఎంతసేపలా ఉన్నానో తెలీదు. అంబులెన్సు వచ్చింది. అడ్డంగా ఉన్న కారు ఎలా దాటుకొచ్చారని అడిగాను. "మీ కారు తప్ప ఇక్కడేం లేదు సార్" అన్నాడు అందులోని కుర్రాడు. తెల్ల కారు నిలబడ్డచోట మంచు మీద చక్రాల గుర్తులైనా లేవు.

ఆపరేషన్ అయింది. గండం గడిచిందన్నారు. తొమ్మిదో అంతస్తులో, మంచం పక్కన కుర్చీలో కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఎప్పుడు కునుకు పట్టిందో తెలీదు.

తెల్లవారుతుండగా మాటలు వినబడి కళ్ళు తెరిచాను. దన్బి మంచం అంచున కూర్చుని ఉంది. నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. దానికి ఇంకా ఛార్జ్ పెట్టనే లేదు. తెర నల్లగా ఉంది.

"క్షమించండి," అంటోంది, నేను నేర్పినట్టే మర్యాదగా. "ఇప్పుడే కిందికి వస్తున్నా."

ఒక్క ఉదుటున లేచి చెయ్యి పట్టుకున్నాను. ఐసులా ఉంది. పిల్ల నా వైపు చూడలేదు. కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటోంది. ఆ చెప్పులు నేను గది గుమ్మం దగ్గర విప్పి పెట్టాను. ఇప్పుడవి కిటికీ కింద ఉన్నాయి, తడిసి.