పేరు పెట్టిన పిండం

ఆదివారం సాయంత్రం... రాహుకాలం!

ఆ వేళప్పుడు మద్రాసు చింతాద్రిపేటలో ఎవరూ కొత్త సబ్బుబిళ్ల కాగితం కూడా విప్పరు. ఆకాశం కాటుక పూసుకుంది. కూవం అవతల ఫెళఫెళమని పిడుగు పడింది... ఆ నది వాసన కూడా జడిసి ఒక్క క్షణం ఆగింది! ఎక్కడో ఒక గుడ్లగూబ పొద్దుండగానే కూసి, తప్పు తెలుసుకున్నట్టు ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే దామోదరం టిఫిన్ క్యారియర్ పట్టుకుని తన ఇంటి గడప ముందు నిలబడ్డాడు. అందులో, గోరువెచ్చని నీళ్ల గిన్నె మీద, దూది పొత్తిళ్లలో... ఒక కోడిగుడ్డు!

తాతల కాలం నుంచి ఆ ఇంట్లో గుడ్డు అనే మాట కూడా పైకి అనరు. అలాంటి ఇంట్లో పుట్టిన దామోదరం గుడ్లతోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఏడు, అంటే యాభై ఏడులో, సింగపూర్ ఓడ దిగిన జ్వరం మద్రాసంతా పాకింది. దాని మందు కోసం వెతికే పరిశోధనశాలలో అతని పని ఇది: పొదిగిన గుడ్డును చీకటిగదిలో దీపానికి అడ్డుపెట్టి చూడాలి. ఎర్రని నరాల వల... మధ్యలో నల్లని చుక్కలాంటి కన్ను... పిండం కదిలిందా, పెంకుకు బెజ్జం చేసి, సూదితో జ్వరపు క్రిమిని లోపలికెక్కించి, మైనంతో మూసెయ్యాలి. ఆ పిండం ఇక బతకదు. అతను ఇంటికొచ్చి పెరట్లో తలస్నానం చేసి, పెరుగన్నం తిని పడుకునేవాడు.

అతని భార్య అలివేలుకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ అయిదో నెల.

"నువ్వు ఆడ పెంకులు పొడస్తాండావు, ఈడ కడుపు పోతాండాది," అని తల్లి సీతాలక్ష్మి తేల్చేసింది. తిరువొత్తియూరు నుంచి ఆదిమూలం అనే మాంత్రికుణ్ణి పిలిపించింది. ప్రాణమున్న పిండం ఒకటి తెస్తే, దాని ఆత్మను అలివేలు కడుపుకు కాపలా పెడతానన్నాడు వాడు. కాపలా కాదు... ఆ ఆత్మతోనే కడుపులోని ప్రాణాన్ని లాగించి మింగి, చావులేనివాడు కావాలని ఆ నీచుడి పన్నాగం!

దామోదరానికి మంత్రాల మీద నమ్మకం లేదు. కానీ తల్లికి ఎదురుచెప్పే విధానం అతను చదివిన సైన్సులో ఎక్కడా లేదు.

"ఆడనే నిలు!" సీతాలక్ష్మి గడపకు అడ్డం నిలబడింది. "పేరూ గోత్రం లేనిది మా గడప దాటదు!"

పసుపునీళ్లు చల్లింది. కుంకుమబొట్టు పెట్టింది. గోత్రం చెప్పింది. పేరు దగ్గర తడబడింది.

"ఏదో ఒకటి చెప్పు మా, గుడ్డు చల్లారిపోతాది!" అన్నాడు దామోదరం.

కంగారులో ఆమె నోటికి ఒకే పేరు వచ్చింది. "చెంగమ్మ!"

చెంగమ్మ ఆమె అత్తగారు. పోయి చాలా ఏళ్లయింది. అయినా సీతాలక్ష్మి ఇప్పటికీ చారులో ఉప్పు వేసేముందు గోడమీది ఫోటో వైపు చూస్తుంది.

నట్టింట హోమగుండం భగభగమంది. ఆదిమూలం సంచిలోంచి కపాలం తీసి పీట మీద పెట్టాడు.

"అయ్యో సామీ, ఆ పీట వద్దు! అల్లుడొస్తే కూర్చునే పీట!"

"శ్మశానాలేలేవాడికి పీట సంగతి చెప్తావా!" అని వాడు గర్జించాడు.

గర్జన అయ్యేదాకా ఆగి, సీతాలక్ష్మి కపాలాన్ని కిందికి దించి పాత పేపరు మీద పెట్టింది.

వాడు గుడ్డును మంట మీదికెత్తాడు. "పేరులేని పిండమా! దిక్కులేని ఆత్మా! ఆ కడుపులోని జీవాన్ని లాగి నాకియ్యి!"

ఉరుము...! దీపాలు ఆరిపోయాయి. కపాలం కళ్లలో నీలిమంట! అలివేలు పొట్ట పట్టుకుని కెవ్వుమంది. "ఏమండీ... లోపల ఎవరో లాగతాండారు!"

"అమ్మా, వీడు మోసం చేసినాడు!" దామోదరం ముందుకు దూకబోయాడు... కాళ్లు నేలకు అతుక్కుపోయాయి!

అలివేలు అరుపు ఉన్నట్టుండి ఆగింది. తల మెల్లగా పైకి లేచింది. ఆమె నోట్లోంచి వచ్చిన గొంతు ఆమెది కాదు... నశ్యం పీల్చి పీల్చి బొంగురుపోయిన ముసలి గొంతు!

"పేరు లేదా? ఎవడ్రా ఆ మాటన్నది?"

సీతాలక్ష్మి గబగబా కొంగు భుజం నిండా కప్పుకుంది. "అత్తా..."

"నట్టింట్లో పుర్రె పెట్టించినావే సీతా! ఇల్లు చిమ్మినావా?"

"చిమ్మినానత్తా."

"మూల వదిలేసినావు."

ఆ చూపు ఆదిమూలం మీదికి తిరిగింది. వాడు తనకు తెలిసిన పిశాచాలన్నిటినీ పేరుపేరునా పిలిచాడు. ఒక్కటీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

"నా ఇంటి బిడ్డను లాగతావా? ఇదో, నీ చేతిలోని గుడ్డులోనే ఉండా. నన్ను లాగరా చూద్దాం!"

పెంకు చెదరకుండానే గుడ్డులోంచి ఎర్రని నరాలు బయటికి పాకాయి... వాడి వేళ్లలోకి, మోచేతిలోకి, మెడలోకి! వెనకాల దీపం పెట్టినట్టు ఒళ్లంతా ఎర్రగా వెలిగింది. మోకాళ్లు గడ్డానికి ముడుచుకున్నాయి. కళ్లు నల్లని చుక్కలయ్యాయి. "వదులు తల్లీ... తల్లీ!" మనిషి కుంచించుకుపోయి, కుంచించుకుపోయి... పిడికెడయ్యాడు. భగ్గుమన్నాడు. పేపరు మీద బూడిద!

పైవాటాలో ఉండే మంగళ తన కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఏం పెద్దమ్మా, మీ ఇంట్లోంచి ఆమ్లెట్ వాసనొస్తాండాదే?"

సీతాలక్ష్మికి అంతసేపటికి నిజంగా ఒణుకు పుట్టింది. "ఛీఛీ, ఏం మాటే అది! మంత్రగాడు కాలిపోయినాడు, అంతే!"

"అదా," అని మంగళ కిటికీ మూసుకుంది.

అలివేలు కళ్లు తెరిచింది. పొట్ట తడుముకుని, "ఉండాదండీ... కదలతాండాది!" అని ఏడ్చింది. కాళ్లు కదిలిన దామోదరం బూడిదలోంచి గుడ్డు తీసి, అలవాటు కొద్దీ టార్చి లైటుకు అడ్డుపెట్టాడు. నరాలు లేవు. కన్ను లేదు. లోపల ఉత్త వెలుతురు...

"అమ్మా, ఇందులో అవ్వ లేదు."

"పోయిందా?" ఆశగా అడుగుతూ సీతాలక్ష్మి కుర్చీలో కూలబడింది.

అలివేలు కడుపు లోపల్నుంచి, చాలా లోతు నుంచి... బొంగురుగా ఒక దగ్గు వినిపించింది. తర్వాత బిడ్డ గట్టిగా తన్నింది.

సీతాలక్ష్మి కుర్చీలోంచి లేచి, కొంగు భుజం నిండా కప్పుకుని నిలబడింది.