బొటనవేలి సాక్ష్యం

“ఆ గొట్టం మీద చెయ్యి వేశారంటే ఊరుకోను, డాక్!”

మత్తు డాక్టరుగా ఎల్మోకు ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగర ఆసుపత్రిలో అది మూడో రోజు. నర్సు లీజెల్ ముఖంలో మాస్కు పైన రెండు కళ్ళే కనబడుతున్నాయి. మనిషిని నిలువునా కాల్చెయ్యడానికి ఆ రెండూ చాలు.

బల్లమీద చేపలమ్మే అవ్వ. ఆపరేషన్ అయిపోయింది, గొంతులో ఊపిరి గొట్టం ఇంకా ఉంది. కండరాలు కదలకుండా ఇచ్చిన మందు పూర్తిగా దిగితేగాని ఆమె సొంతంగా ఊపిరి తీసుకోలేదు.

“ఛాతీ కదులుతోందిగా, సిస్టర్?”

“ఛాతీ అబద్ధమాడుతుంది. బొటనవేలు ఆడదు.”

అరచేతిలో పట్టే చిన్న మిషన్ తీగలు అవ్వ మణికట్టుకు అంటించి మీట నొక్కింది. కరెంటు నాలుగుసార్లు తాకింది. వేలు రెండుసార్లే ఎగిరింది; మందు ఇంకా దిగలేదు.

ఎల్మో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొట్టం లాగేసి ఉంటే? అవ్వకు మెలకువ వచ్చి, ఊపిరి అందక, అందడం లేదని చెప్పనూ లేక...

తలుపు దగ్గర సర్జన్, అక్కడ కుర్రాళ్ళను పిలిచే పిలుపుతో కేకేశాడు. “ఏం తోతో, వేలు పట్టుకుని పెళ్ళి మాట్లాడుకుంటున్నారా? తర్వాతి కేసు కాచుకుని ఉంది!”

పెద్ద కుర్చీల వాళ్ళకు ఎప్పుడూ తొందరే. ప్రాణం పోతే ఉద్యోగం పోయేది మాత్రం కొత్తవాడికి.

“నాలుగుసార్లూ వేలు సమానంగా ఎగిరేదాకా గొట్టం తియ్యను సార్.” అనేశాడు ఎల్మో.

“నీ మీద రిపోర్టు రాస్తా!”

“వేలు రెండుసార్లే ఎగిరిందని కూడా రాయండి సార్,” అంది లీజెల్, తల తిప్పకుండానే.

విరుగుడు మందు ఎక్కించారు. రెండు జతల కళ్ళు ఒకే వేలి మీద. మూడు... పావుగంటకు నాలుగు! నాలుగూ ఒకే ఎత్తున! గొట్టం తీయగానే అవ్వ తలెత్తి, “నా బుట్ట ఎవడు పట్టుకుపోయాడు?” అంది. లీజెల్ కళ్ళు నవ్వాయి. ఆ నవ్వుకు ఎల్మో పని అక్కడే అయిపోయింది.

మర్నాడు పొద్దున్న ఒకటే వాన. లీజెల్ మిషన్ సరిచూస్తోంది.

“చెయ్యి ఇలా ఇవ్వండి డాక్. రోజూ ఎవరో ఒకరు బలి కావాలి.”

“చురుక్కుమంటుందా?”

“నిన్న నా మాటలంత.”

ఒకటి, రెండు, మూడు, నాలుగు. “అబ్బా!”

“బాగానే ఉంది,” అంది గాని మణికట్టు వదల్లేదు.

వేలు ఐదోసారి ఎగిరింది.

ఆమె మిషన్ వంక చూసింది. “ఆపేశానే!”

“తెలుసు. బొటనవేలు అబద్ధమాడదన్నావుగా, లీజెల్.”

మాస్కు దాచలేని లీజెల్ చెవులు ఎర్రబడ్డాయి.

“డ్యూటీ దిగాక వేడివేడి బాచోయ్ సూప్ తాగించు, డాక్. రెండో చెయ్యి కూడా చూస్తా.”