కారు తలుపు మీద రెండు పేర్లు

"ఆ హారన్ ఇంకొక్కసారి కొట్టారంటే వైర్లు పీకి చేతిలో పెడతాను!"

గేటుకు అడ్డంగా ఉన్న పాత నీలం కారు వెనకనుంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. చేతిలో సబ్బునీళ్ల సీసా. చెవి మీద నురగ.

అతను తన కారు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "దారికి అడ్డంగా పెట్టింది మీరండీ."

"తీస్తాను. కానీ మీ హారన్‌లో రెండు స్వరాలున్నాయి. ఆ రెండింటికీ అస్సలు పడటం లేదు. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. దానిలో స్వరాలుంటాయన్న సంగతే అతనికి తెలియదు.

కింది వాటాలోకి కొత్తగా ఎవరు దిగారో అమ్మ ముందే చెప్పింది. ఒక పెద్దాయన, ఆయన కూతురు. పియానోలు శ్రుతి చేయడం వాళ్ల పని. పెద్దాయనకు ముందు పై స్వరాలు వినపడటం మానేశాయి, ఆ తర్వాత అరిస్తే తప్ప మాటలూ వినపడటం లేదు. ఇప్పుడు పనంతా కూతురిదే. అయినా కారు తలుపు మీద ఇంకా ఆయన పేరే ఉంది, అంచులు లేచిన తెల్లటి అక్షరాల్లో.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగింది ఆ అమ్మాయి, కారు పక్కకు తీసి.

"పళ్లు చేస్తాను."

"పళ్ల డాక్టరా?"

"కాదు. డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేసిస్తాం."

ఆమె అతని నోటివైపు అనుమానంగా చూసింది. "మీవి సొంతవేనా?"

ఆ ప్రశ్నకు ఉడుక్కోవాలో నవ్వాలో తెలియక నోరు గట్టిగా మూసుకుని మేడెక్కాడు. ఆ రోజునుంచి అతనికి బాల్కనీలో పని పెరిగింది. మొక్కలకు నీళ్లు పోయడం, ఆరిన బట్టలు మళ్లీ ఆరేయడం. అమ్మ అన్నీ చూస్తూనే ఉంది.

ఆదివారం పొద్దున్న కిందినుంచి విసుగ్గా ఒక మూలుగు వినపడింది. తొంగి చూశాడు. కారు డిక్కీ మీద ఫోన్ నంబరు స్టిక్కరు అంటిస్తోందామె. అంకెలన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి.

"వంకరగా ఉంది!" అన్నాడు పైనుంచి.

"తెలుసు! కళ్లున్నాయి!"

"దిగిరానా?"

"చేతులుంటే రండి!"

ల్యాబ్ పనిముట్ల పెట్టె, అమ్మ హెయిర్ డ్రయ్యరు పట్టుకుని రెండేసి మెట్లు దిగాడు. వేడిగాలితో వంకర స్టిక్కరును మెల్లగా పైకి లేపాడు. "ఇంకొంచెం సబ్బునీళ్లు చల్లితే స్టిక్కరు వెంటనే పట్టదండీ, అటూఇటూ జరపొచ్చు. ముందు పైఅంచుకు టేపు వేసి నిలబెట్టుకోండి. తర్వాత మధ్యలోంచి బయటికి నెట్టుకుంటూ రావాలి." గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కార్డుతో నీళ్లు నెట్టి చూపించాడు. ఈసారి అంకెలు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.

ఆమె వంగి, డిక్కీ దగ్గర చెవి పెట్టి, గోటితో మెల్లగా కొడుతూ వెళ్లింది. టక్, టక్, టక్. ఒకచోట ఆగింది.

"ఇక్కడ గాలుంది."

"ఏమీ లేదే. నున్నగా ఉంది."

"ఉంది. వినండి."

విన్నాడు. తేడా తెలియలేదు. అయినా సన్నటి సూదితో అక్కడ గుచ్చి వేలితో నొక్కాడు. ఆవగింజంత బుడగ చప్పబడి, నీటిచుక్క ఒకటి పైకి వచ్చింది.

అతను సూది పట్టుకుని అలాగే ఉండిపోయాడు. రోజంతా పన్నుకీ పన్నుకీ మధ్య వెంట్రుకంత తేడా కోసం వెతికే మనిషి. తన కంటికి అందనిది ఉండదని కొంచెం గర్వం కూడా. ఆ కంటికి కనపడనిదాన్ని ఈ అమ్మాయి గోటి చప్పుడులో పట్టుకుంది!

"ఏంటలా చూస్తున్నారు?"

"ఎలా వినిపించిందండీ?"

"మీకెలా వినపడలేదు?" అంది ఆమె, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఇక మిగిలింది డ్రైవరు తలుపు. ఆమె పేరున్న కొత్త స్టిక్కరు గోడకు ఆనించి ఉంది. "పాతవి తీసేసి ఇది అంటించాలి," అని పొద్దున్నుంచి అంటూనే ఉంది, తలుపు దగ్గరికి మాత్రం రావడం లేదు. అద్దాలు తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది. చివరికి, "టీ పెట్టుకొస్తాను," అని లోపలికి వెళ్లింది.

పాపం, అలసిపోయిందనుకున్నాడు. ఆమె వచ్చేలోపు పని పూర్తిచేసి ఆశ్చర్యపరుద్దామని డ్రయ్యరుతో వేడిచేసి, గోటితో లేపి, పెద్దాయన పేరు అక్షరం అక్షరం ఊడదీశాడు. మిగిలిన జిగురు మీద స్పిరిట్ గుడ్డ వేసి తుడుస్తుండగా వెనక కప్పులు రెండూ నేల మీద పెట్టిన చప్పుడైంది.

"ఎవరు తీయమన్నారు?"

గొంతు చాలా చిన్నగా ఉంది. అరిచినా బాగుండేది.

"మీరే కదా పొద్దున..."

"నేను తీస్తానన్నాను. మిమ్మల్ని తీయమనలేదు." అతని చేతిలో ఉండలా చుట్టుకుపోయిన తెల్ల స్టిక్కరును చూసింది. "నాన్న ఇవి అంటిస్తుంటే నీళ్ల సీసా నేనే పట్టుకున్నాను. నా ఎత్తు అప్పుడు ఈ చక్రమంత."

సాయం చేద్దామని దిగి ఎంత పని చేశాడు! ఆ ఉండను విప్పబోయాడు. వేళ్లకు అంటుకుందే తప్ప ఒక్క అక్షరమూ విడిపడలేదు.

అప్పటిదాకా కమ్ముకున్న మబ్బు జరిగి, ఎండ ఏటవాలుగా తలుపు మీద పడింది.

"ఇటు చూడండి," అన్నాడు మెల్లగా.

ఏళ్ల తరబడి ఎండకూ వానకూ కారంతా వెలిసిపోయింది, అక్షరాల కిందిభాగం తప్ప. అక్కడ రంగు కొన్ననాటిలా మెరుస్తోంది. ఆ ముదురు నీలంలో, వెలిసిన నీలం మధ్య, పెద్దాయన పేరు పొల్లుతో సహా స్పష్టంగా ఉంది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఆమె వేలు మొదటి అక్షరం మీద పెట్టి చివరిదాకా నడిపించింది. తగలడానికి అక్కడేమీ లేదు. అంతా ఒకటే నునుపు. అయినా పేరుంది.

"దీని మీద అంటించొద్దు," అంది. "కింద అంటిద్దాం."

చెరో అంచు పట్టుకున్నారు. ఆమె నీళ్లు చల్లింది, అతను నెట్టాడు. అక్షరాలను పట్టి ఉంచిన పైకాగితాన్ని తలుపుకు ఆనించి మడుస్తూ, తొందరపడకుండా లాగారు. కాగితం వెనక్కి పోతుంటే ఆమె పేరు తెల్లగా ఒక్కో అక్షరమే బయటికొచ్చింది, తండ్రి పేరుకు సరిగ్గా కింద. చూస్తుంటే అతనికి ఒళ్లు జలదరించింది. స్టిక్కరే కదా అనుకున్నాడు, కళ్లు మాత్రం తిప్పుకోలేకపోయాడు.

పెద్దాయన ఎప్పుడొచ్చారో, పక్కనే నిలబడి ఉన్నారు. తలుపు తడిమారు.

"పోలేదే!" అన్నారు. తన గొంతెంత పెద్దదో ఆయనకు తెలియదు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "నా పేరు పోలేదమ్మా!"

"పోలేదు నాన్నా." తల ఊపుతూ కళ్లు తుడుచుకుంది.

పెద్దాయన అతనివైపు తిరిగి, తలనుంచి కాళ్లదాకా పరీక్షగా చూసి, అదే గొంతుతో అడిగారు. "బాల్కనీలోంచి చూస్తుంటాడని, చూడకపోతే నీకు తోచదని చెప్పావే, ఆ అబ్బాయి ఇతనేనా?"

"నాన్నా!" ఆమె ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికే వీధంతా వినేసింది.

"ఇతనేనండీ!" పైనుంచి అమ్మ గొంతు. బాల్కనీలో పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఎంతసేపటినుంచి వింటోందో! "ఆరిన బట్టలే ఆరేస్తున్నాడు, చూడలేకపోతున్నాను! మీకిష్టమైతే మాకూ ఇష్టమే!"

పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఏమంటున్నారు వాళ్లమ్మగారు? నువ్వు చెప్పు బాబూ. నీకిష్టమేనా?"

అతను ఆమె వైపు చూశాడు. సబ్బునీళ్లతో తడిసి, ముఖం ఎర్రబడి, తల వంచుకుని, ఊపిరి కూడా చప్పుడు కానివ్వకుండా నిలబడి ఉంది. ఇంత గొప్ప మనిషి తన జవాబు కోసం ఎదురుచూడటమేమిటి!

గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"నాకు మీ అమ్మాయంటే చాలా ఇష్టమండీ!"

పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఎదురింటివాళ్లు చప్పట్లు కొట్టారు.

"వినపడింది, వినపడింది," అంటూ పెద్దాయన అతని భుజం తట్టి, నేల మీది టీ కప్పు ఒకటి తీసుకుని, తృప్తిగా లోపలికి నడిచారు. పైన అమ్మ కూడా తలుపు వేసుకుంది, కావాలని కొంచెం గట్టిగానే.

ఆమె ఇంకా తల ఎత్తలేదు. "నాన్నకు చెప్పారు," అంది. "వీధికంతా చెప్పారు. నాకు చెప్పలేదు."

అతను దగ్గరగా జరిగి మళ్లీ చెప్పాడు. ఈసారి గొంతు దాదాపు పెగలనే లేదు, పెదవులు మాత్రం కదిలాయి.

ఆమెకు వినపడింది.