కవచానికి పదికి ఆరు మార్కులు

"ఎవలు చదవమన్నరు మిమ్మల్ని?"

ప్రసన్నలక్ష్మికి అంత పెద్ద గొంతు ఉందని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఎవరికీ తెలియదు. ఆమెకే తెలియదు. ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్‌లో చేరి మూడు నెలలైంది. అటెండెన్స్ అప్పుడు "ప్రెజెంట్ సర్" తప్ప ఇంకో మాట అనలేదు.

ఎదురుగా ఆమె పక్క సీటులో కూర్చునే అభిరామ్. అతని చేతిలో ఆమె నోట్‌బుక్. దాని నిండా ఎర్ర ఇంకు.

తప్పు ఆమెదే. శనివారం టెస్ట్ రాశాక బుక్స్ మార్చుకుని, పక్కవాళ్లది ఇంటికి తీసుకెళ్లి దిద్ది, సోమవారం తేవాలని అక్కడి రూలు. ప్రసన్న పుస్తకాలన్నింటికీ ఒకే రకం అట్టలు. పోచంపల్లిలో నాన్న మారయ్య చీర డిజైన్ గీసుకుని, నేత అయిపోయాక పక్కన పెట్టేసిన గ్రాఫ్ కాగితాలు. తొందరలో ఫిజిక్స్ బుక్ బదులు, ఎవరికీ చూపించకుండా కథ రాసుకునే బుక్ ఇచ్చేసింది.

ఆ కథలో నీలవేణిది వేరే గ్రహం. ఆమె చుట్టూ కనిపించని కవచం. రాయి వేసినా, నిప్పు వేసినా దాటి రాదు. రాక్షసులతో పోరులో ఆమె పక్కనే ఒక కమాండర్.

బుక్ అతని చేతిలో ఉండగానే ప్రసన్న పేజీ తిప్పింది.

"గాలి కూడా రాకపోతే ఊపిరి ఎలా? ఒక మార్కు కట్."

"రాయిని ఆపి వెలుతురుని ఎందుకు వదిలింది? కారణం రాయాలి."

చివరి పేజీలో: "కవచం మొత్తం పదకొండు సార్లు వచ్చింది. రాక్షసులు వచ్చింది నాలుగు సార్లే. మిగతా ఏడు సార్లూ కమాండర్ ఏదో చెప్పబోతుంటే వేసింది. ఎందుకు?"

కింద, చుట్టూ గుండ్రంగా గీత గీసి, పదికి ఆరు.

ఆ కమాండర్‌ది ఎడమ చేతివాటం. ఆలోచిస్తూ పెన్ను మూత కొరుకుతాడు. ఎదురుగా అభిరామ్ ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని, మూత కొరుకుతూ నిలబడ్డాడు.

"ఫిజిక్స్ అనుకునే మొదలుపెట్టానండి," అన్నాడు అతను. "గ్రహం పేరు చూశాక ఆపేయాల్సింది."

"మరి ఆపలేదేంది?"

"చాలా బాగుంది."

"బాగుంటే ఆరు మార్కులేంది?"

"కవచానికి ఒక హద్దు ఉండాలి కదండీ! కథ ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ వేసేస్తే, ఆ అమ్మాయికి ఏమవుతుందోనని మాకు భయం ఎందుకు వేస్తుంది?"

ప్రసన్న నోట్‌బుక్ లాక్కుని వెనక్కి చూడకుండా మెట్లు దిగేసింది.

సాయంత్రానికి హాస్టల్‌లో సంచి సర్దేసింది. అమ్మకు ఫోన్ చేసి, "ఇంటికొస్తున్న. మళ్ల పోను," అంది. ఎందుకో చెప్పలేదు.

ఎల్బీ నగర్‌లో పోచంపల్లి బస్సు కోసం నిలబడేసరికి వాన మొదలైంది. చిన్న వాన కాదు. రోడ్డు మీద స్కూటర్లు పడవల్లా పోతున్నాయి.

వనస్థలిపురంలోని ఇంటికి పోవడానికి మెట్రో దిగిన అభిరామ్ ఆమెను, ఆమె సంచిని చూసి ఆగిపోయాడు. పూర్తిగా తడిసిపోయి, పెన్ను మూత నోట్లోనే పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్న ఫోన్ ముందుకు చాపాడు.

"మీతో మాట్లాడాలట."

"ఎవలు?"

"మా నానమ్మ."

"మీ నానమ్మకు నేనెట్ల తెలుసు?"

"దిద్దేటప్పుడు... పైకి చదివానండి."

ఫోన్‌లో నానమ్మ కోటేశ్వరమ్మ గొంతు స్పీకర్ పగిలేలా వచ్చింది.

"ఏమ్మా, ఆ పిల్ల కవచం తీసిందా లేదా? రెండు రోజుల్నుంచి నాకు అన్నం సయించట్లేదు! అయినా ఆ కమాండరు మావాడే కదూ? పెన్ను మూతలు కొరుక్కుతినేది మా ఇంట్లో వీడొక్కడే!"

అభిరామ్ నోట్లోంచి మూత జారి వాననీళ్లలో పడింది.

అతను కనిపెట్టలేదు! అంత దిద్దినవాడు, అన్ని లెక్కలు వేసినవాడు, అదొక్కటీ కనిపెట్టలేదు!

"పోచంపల్లి! పోచంపల్లి! జల్ది ఎక్కుండ్రి!" కండక్టర్ అరిచాడు.

ప్రసన్న కాలు మెట్టు మీద పెట్టింది. కథలో అయితే సరిగ్గా ఇక్కడే కవచం వచ్చేది. పన్నెండోసారి.

కాలు వెనక్కి తీసుకుంది.

"హద్దు అడిగిన్రు కదా, చెప్తా," అంది. "మా ఊర్ల రంగెయ్యకముందు దారాన్ని జాగ జాగల రబ్బరుతోని గట్టిగ కడ్తరు. సైకిల్ ట్యూబు ముక్కలు. రంగుల ముంచితే కట్టిన కాడ రంగు ఎక్కది. నీలవేణి గట్లనే కట్టుకుంది. రాళ్లకు కాదు, మాటలకు భయపడి. ఆ ముడి బయటోళ్లు విప్పలేరు. తనే విప్పాలె. విప్పితేనే డిజైన్ కనపడ్తది."

మూడు నెలల మాటలు ఒక్కసారే అయిపోయినట్టు ఆయాసపడింది. వెనక బస్సు కదిలిపోయింది.

అభిరామ్ తడి ముఖం తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "మరి... విప్పుతుందా?"

"ఆ కమాండర్ మీరే," అంది నేల చూస్తూ. చెప్పులు చూస్తూ. తర్వాత అతణ్ని చూస్తూ.

అతను ఎర్ర పెన్ను తీశాడు. ఏం రాయాలో తెలియక మళ్లీ జేబులో పెట్టాడు.

"వానలో ఏం వినపడలేదమ్మా!" ఫోన్‌లో కోటేశ్వరమ్మ అరిచింది. "కొంచెం గట్టిగా చెప్పు తల్లీ!"

ప్రసన్న ఫోన్ అందుకుంది. బస్టాప్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా చెప్పింది.

"మీ మనవడే, నానమ్మా!"