నీళ్లకు వీపు పెట్టి

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆమెకు ఒకటే సందేహం. మామగారు నీళ్లకేసి ఎందుకు చూడరు?

బతుకంతా ప్రయాణికుల పడవ నడిపిన మనిషి. ఆయన కోసమే కొడుకు నగరం నడిబొడ్డున, నీటి ఒడ్డున ఈ అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నాడు. ఆయనేమో పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, ప్లాస్టిక్ స్టూలుతో కిందికి పోయి, నీళ్లకు వీపు పెట్టి కూర్చుంటారు.

"చిన్నప్పుడు నాన్న పడవలోనే బడికి వెళ్లేవాణ్ణి," అని భర్త నవ్వుతూ చెబుతుంటాడు. "నా పక్కన కూర్చో నాన్నా అంటే, చుక్కాని వదలకుండా 'రేపురా' అనేవాడు. ఆ రేపు నాకింకా బాకీ."

ఇక్కడ బతకడం మాటలు కాదు. అద్దె కాక లిఫ్టుకూ కాపలాకూ ఒడ్డున వెలిగే దీపాలకూ విడివిడిగా కట్టాలి. కింద కొట్టువాడు పాల ప్యాకెట్టు మీద కూడా చల్లగాలి ఖరీదు కలుపుతాడని ఆమె నవ్వేది. ఈమధ్య ఆ నవ్వు పోయింది. లిఫ్టులు బాగుచేసే భర్త, పగటి పని చాలక రాత్రి పనికి కూడా పోతున్నాడు.

ఆ ఉదయం ఇంటి ఓనరు ఫోన్ చేసి అద్దె మళ్లీ పెంచుతానన్నాడు. భర్త కాఫీ గ్లాసు పట్టుకునే కునికిపాట్లు పడుతున్నాడు.

"అవతలి ఒడ్డున ఇల్లు ఇందులో సగానికే వస్తుందండీ."

"అక్కడ కిటికీ తీస్తే పక్కింటి గోడ. నాన్నకి నీళ్లంటే ప్రాణం."

"ఈ అద్దె కట్టేది మన జీతాలు కాదు, మీ నిద్ర. ఆ మత్తులో లిఫ్టు గుంతలోకి దిగి మీకేమన్నా అయితే?"

"ఆయనకున్నది ఆ ఒక్క సరదా. అది కూడా నీ కంట్లో పడిందా?"

ఆ మాట ఆమెకు సూదిలా గుచ్చుకుంది. చెప్పులేసుకుని కిందికి దిగి, మామగారి పక్కన గట్టు మీద కూర్చుంది.

"మామయ్యా, ఏమీ అనుకోకండి. మీకు నీళ్లంటే ఇష్టమేనా?"

"ఇన్నాళ్లకు అడిగావు," అని నవ్వారాయన. "చుక్కాని పట్టినంతకాలం ఒడ్డెప్పుడొస్తుందా అనే చూశానమ్మా. ఇంకా నీళ్లేం చూడను? ఇక్కణ్ణుంచి మన వంటింటి కిటికీ కనబడుతుంది. నువ్వు గిన్నెలు కడుగుతుంటే వాడొచ్చి వెనక నిలబడి ఏదో వాగుతుంటాడు. అది చూస్తే నాకు కడుపు నిండిపోతుంది. ఈమధ్య నువ్వొక్కదానివే కనబడుతున్నావు."

"ఆయనకు చెప్పలేదేం మరి?"

"నీకోసమే నాన్నా అని బాల్కనీ తలుపు తీసి చూపించాడు. వాడి మొహం చూశాక నోరు పెగల్లేదు."

వెనక అలికిడైంది. ఆమె మరిచిపోయిన ఫోన్ పట్టుకుని భర్త నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేకో మరి దేనికో.

"ముందు పోయి పడుకోరా," అన్నారు మామగారు.

నెల తిరిగేసరికి అవతలి ఒడ్డున తీసుకున్న ఇంటికి సామాను వ్యాన్‌లో పంపి, ముగ్గురూ పడవెక్కారు. భర్త ఒక పక్కకు జరిగి చోటిచ్చాడు. మామగారు చుక్కాని దగ్గరి కుర్రవాణ్ణి ఒకసారి చూసి, కొడుకు పక్కన కూర్చున్నారు.

"నీ బాకీ తీరిందా?" అన్నారు.

"అప్పుడేనా? అవతలి ఒడ్డు దాకా కూర్చోవాలి."

సగం దూరం పోకముందే కొడుకు తండ్రి భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. పడవ ఒడ్డు తాకింది. జనం లేచారు. ఆయన మాత్రం కదల్లేదు.

"లేపకమ్మా," అన్నారు కోడలితో. "ఇంకోసారి దాటి వద్దాం."