గీటు కింది చారలు

"మోకాళ్లు పొట్టలోకి ముడుచుకోమ్మా. ఇంకొంచెం. గడ్డం గుండెకి ఆనించు," అంది వకుళ.

బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్న నూకరత్నం మెడ వంచగానే ఉలిక్కిపడింది. వకుళ ఒక చెయ్యి ఆమె భుజం మీదా, ఇంకో చెయ్యి మోకాళ్ల వెనకా వేసి గట్టిగా పట్టుకుంది. పైనుంచి దిగిన యంత్రపు సూదిచెయ్యి నడుము దగ్గర వెన్నుపూసలను తడుముతూ లెక్కపెట్టి, మూడోదానికీ నాలుగోదానికీ నడుమ ఆగింది. సూదిచెయ్యికి వణుకు లేదు, తడబాటు లేదు. అయినా రోగిని పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలని చట్టంలో ఉంది. ఆ తరవాత పరీక్ష నడిపించి, ఫలితానికి సాక్ష్యం చెప్పాల్సింది కూడా ఆ మనిషే. కాకినాడ వెన్నునీటి కేంద్రంలో పదకొండేళ్లుగా వకుళ చేస్తున్న పని అది.

"సూది ఇంకా దిగలేదమ్మా. అలా అదిరిపడ్డావేం?"

"సూది కాదండి. మెడ వంచితే చాలు, కరెంటు కొట్టినట్టు ఈపులోంచి కాలేళ్ల దాకా దిగిపోద్ది. పోయిన వానల్లో ఎడంకన్ను మసకేసింది. నెల్లాళ్లు పొగలోంచి చూసినట్టే ఉండేది. మళ్లీ దానంతటదే వచ్చింది."

సూది దిగింది. నూకరత్నం పళ్లు బిగించింది. గాజుగొట్టంలోకి నీటిచుక్కలు ఒక్కొక్కటే రాలసాగాయి. వెన్నునీరు ఎవరిదైనా ఒకేలా ఉంటుంది, కడిగిన గాజులా తేటగా. అందులో ఏముందో కంటికి తెలీదు.

నూకరత్నం ఉప్పాడ దగ్గర సముద్రపు గట్టుకు కాపరి. రోజూ పదకొండు కిలోమీటర్లు గట్టు మీద నడిచి, ఎక్కడైనా పగులు కనబడితే చెప్పాలి. గట్టు వెనక నలభై వేలమంది ఉన్నారు. ఇరవై తొమ్మిదేళ్లకే ఆమె నడక తూలుతోంది.

"మొన్న కాలు స్వాధీనం తప్పి రాళ్ల మీద పడ్డానండి. ఆ రోజు ఒక పగులు చూళ్లేదు. పని ఎగ్గొట్టడానికి నాటకాలాడతన్నానని రాశారు," అంది ముడుచుకునే. "ఇది మూడోసారి. రెండుసార్లూ ఏమీ లేదన్నారు. ఈసారీ లేదంటే ఇంక పరీక్ష చెయ్యరంట కదండీ?"

"అవును. మూడోసారికి ఫైలు మూసేస్తారు."

"రోగముందని చెప్పమని అడగట్లేదండి. నేను అబద్ధమాడట్లేదని చెప్పండి, చాలు."

సూది బయటికొచ్చాక వకుళ గాయం మీద పట్టీ వేసి, తల ఎత్తకుండా మూడు గంటలు పడుకోమని చెప్పి, ముందే తీసిన నెత్తురుతో పాటు గొట్టం తీసుకుని పరీక్షగదిలోకి వెళ్లింది.

పరీక్ష పాతదే. మనిషి నెత్తురునూ వెన్నునీటినీ జెల్ పలక మీద పక్కపక్కనే పోసి విద్యుత్తు పెడితే, వాటిలోని మాంసకృత్తులు విడిపోయి పలక మీద పరుచుకుంటాయి. వెండిరంగు పూస్తే బయటపడతాయి. నెత్తురులో లేని చారలు వెన్నునీటిలో రెండో మూడో కనబడితే, ఆ మనిషి ఒంటిని కాపాడాల్సిన సైన్యమే లోపల నరాల తొడుగును కొరుకుతోందని గట్టి అనుమానం. ఇదివరకు ఆ చారలను మనిషి కంటితో లెక్కపెట్టేవారు. ఇప్పుడు తీర్పరి అనే యంత్రం లెక్కపెడుతుంది. తొమ్మిదేళ్ల కిందట, ఆ కొరుకుడును ఆపే తొడుగుమందుకు కొరత వచ్చినప్పుడు, చార ఎంత ముదురుగా ఉండాలో తీర్పరికి ఒక గీటు పెట్టారు. గీటు దాటిన చారలే చారలు. దాని కిందివి నీడలు.

వకుళ చెల్లెలు సుగుణ జాకెట్లు కుట్టేది. ఏడేళ్ల కిందట ఒకరోజు వేళ్ల మధ్య దారం ఉందో లేదో తెలియడం లేదని వచ్చింది. ఇదే కేంద్రంలో పరీక్ష చేశారు. నిర్మలం అని వచ్చింది. "నువ్వు చేసే పరీక్షే కదక్కా, నువ్వు చెప్పు, నాకేమీ లేదంటావా?" అని అడిగింది సుగుణ. తీర్పరి లేదంటే లేనట్టేనని చెప్పింది వకుళ. మంచాన పడ్డాక తీసిన చిత్రంలో మెదడంతా మచ్చలు. ఇప్పుడు మందు వేసినా లాభం లేదన్నారు. రెండేళ్ల కిందట ఊపిరితిత్తులకు నెమ్ము చేరి పోయింది.

కేంద్రంలో ముగ్గురు సాక్షులు. పలకల మీద పేర్లుండవు, అంకెలే. సుగుణ పలకకు సాక్ష్యంగా పడ్డ వేలిముద్ర ఎవరిదో వెతికితే దొరికేది. వకుళ వెతకలేదు.

"ముప్పయ్యో జత," అంది తీర్పరి నూకరత్నం పలక చదివి. "గీటు దాటిన చారలు లేవు. నిర్మలం. సాక్ష్యం ఇవ్వండి."

వకుళ బొటనవేలు ఎత్తి ఆగిపోయింది. పలకను తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. పగటి వెలుగులో వెన్నునీటి వరసలో మూడు సన్నని గీతలు కనిపించాయి. నెత్తురు వరస చూసింది. అక్కడ లేవు. కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. మూడే.

"సాక్ష్యం ఇవ్వండి," అంది తీర్పరి మళ్లీ.

అయిదు నిమిషాలు గడిచేసరికి పర్యవేక్షకుడు డేవిడ్‌రాజు గారు వచ్చారు. వేలు పడకపోతే ఆయన గదిలో దీపం వెలుగుతుంది. పలక అందుకుని ఆయనా చూశారు. చాలాసేపు చూశారు.

"నీడలమ్మా."

"చారలండి. మీరూ లెక్కపెట్టారు, నేను చూశాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "గీటు పెట్టిన కమిటీలో నేనూ ఉన్నాను వకుళా. మందు పదిమందిలో నలుగురికే సరిపోయేది. ఆ నలుగురిని ఎలా ఏరాలో చెప్పమన్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

"మందు లేదని చెప్పాల్సిందండి. రోగం లేదని చెప్పాం."

ఆయన గొంతు తగ్గించి అన్నారు. "కాదన్నావంటే ఏమవుతుందో తెలుసు కదా? యంత్రానికి కనబడనిది నీ కంటికి కనబడిందని అర్థం. అందుకని నీ వేలు పడ్డ పాత పలకలన్నీ తెరుచుకుంటాయి, పేర్లతో సహా. చట్టంలో ఉంది. ఇంతవరకూ ఎవరూ వాడలేదు, అంతే." ఆగి, అన్నారు. "అందులో సుగుణది ఉంటే?"

"ఉండొచ్చండి."

"చూడగలవా?"

"ఏడేళ్లుగా చూడకుండా ఉన్నాను కదండీ. అది ఇంతకంటే తేలికేం కాలేదు."

ఆయన లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆపలేదు.

"సాక్షి అంగీకరించడం లేదు," అంది వకుళ తీర్పరితో. "వెన్నునీటిలో మూడు చారలు. నెత్తురులో లేవు. రోగం ఉందనే అనుమానించాలి."

తెర మీద ఆ రోజు పని మొత్తం ఆగిపోయింది. మిగతా ఇద్దరు సాక్షుల బల్లలు కూడా ఆగాయి. తరవాత ఒక వాక్యం వచ్చింది: గీటు కింద నీడలున్న పాత పలకలు, నాలుగు వందల పన్నెండు.

వకుళ ముందు నూకరత్నం దగ్గరికి వెళ్లింది. ఆమె తల ఎత్తకుండా కళ్లు మాత్రం తిప్పి చూసింది.

"ఉందమ్మా," అంది వకుళ మంచం అంచున కూర్చుని. "మూడు చారలున్నాయి. నువ్వు అబద్ధమాడలేదు."

నూకరత్నం కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. నవ్వబోయింది, ముఖం నలిగిపోయింది. "మందిస్తారాండీ?"

"తెలీదు. ఫైలు మాత్రం ఇక మూయలేరు."

"నడక పోద్దాండి?"

వకుళ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె ఏడుపు తగ్గేదాకా కూర్చుని వచ్చింది.

సాయంత్రానికి అరవై పలకలు చూసింది. ప్రతిదాని పక్కనా ఒక పేరు, ఊరు. తునిలో బడి పంతులు. యానాంలో డ్రైవరు. చారలున్నచోట ఉన్నాయంది, లేనిచోట లేవంది. అరవై ఒకటో పలక పక్కన సుగుణ పేరు చూసి కుర్చీ చేతులు పట్టుకుంది. మిగతా వాటిలాగే సాక్షి గడిలో తన పేరే ఉంది.

కిటికీ దగ్గరికి వెళ్లలేదు. వెళ్లనక్కర్లేకుండానే కనబడుతున్నాయి.

"నాలుగు," అంది.

"ఈ రోగి జీవించి లేరు," అంది తీర్పరి. "ఫలితం మార్చడం వల్ల చికిత్సలో తేడా ఉండదు. మార్పు అవసరమా?"

డేవిడ్‌రాజు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన వెనక మిగతా ఇద్దరు సాక్షులు.

"అవసరం," అంది వకుళ.