పదకొండు ఇరవైకి గోదావరి వంతెన

1965 సెప్టెంబర్. పెద్దపల్లి రైల్వే స్టేషన్. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.

బెంచీ మీద కూర్చున్న రాములు చాయ్ సగం తాగాడు. కప్పు చేతిలోంచి జారింది. మనిషి పక్కకు ఒరిగాడు. మూర్ఛ అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. డాక్టరు వంగి పెదవుల వాసన చూసి, "సైనైడ్" అన్నాడు.

రాములు సీక్రెట్ సర్వీస్ మనిషి. చచ్చేముందు అతను పంపిన ఆఖరి వైర్‌లెస్ మెసేజ్‌లో రెండే మాటలున్నాయి: గోదావరి వంతెన.

ఆ మధ్యాహ్నం కరీంనగర్‌లో, విత్తనాల ఆఫీసు అని బోర్డున్న ఇంట్లో, చీఫ్ పర్శరాములు ఏజెంట్ కొండల్ ముందు ఒక ఫోటో పడేశాడు.

"దేవదాస్. రాములును సంపిచ్చింది వీడే. మంచిర్యాలల రేడియో షాపు. పొరుగు దేశానికి స్పై. సరిహద్దుల యుద్ధం నడుస్తున్నది. మందుగుండు రైళ్లు గా వంతెన మీదికెళ్లే పోవాలె. అది కూలితే ఆరునెలలు తొవ్వ బంద్."

"పట్టుకుంటే అయిపోతది గద సార్?"

"బాంబు ఏడ పెట్టిండో ముందుగాల తెల్వాలె. వాని ముఠాల మన డబుల్ ఏజెంట్ ఉన్నది. నర్మద. వాని పెండ్లామే."

కొండల్ తలెత్తి చూశాడు.

నర్మద టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్. నాలుగేళ్ల కాపురంలో దేవదాస్ ఆమెతో తియ్యగా మాట్లాడుతూ మిలిటరీ కాల్స్ గుట్టు లాగాడు. పోలీసులకు అనుమానం రాగానే ఆమె చేతిరాతతో దొంగ ఉత్తరాలు పుట్టించి, తనే ఆమెను పట్టించాడు. ఆమె పద్నాలుగు నెలలు జైల్లో ఉంది. ఆ పద్నాలుగు నెలలూ అతను నాగ్‌పూర్‌లో ఇంకొకామెతో ఉన్నాడు. నర్మద విడుదలై నేరుగా పర్శరాములు దగ్గరకు వచ్చింది. ఆమెకేమీ తెలియదనుకుని దేవదాస్ మళ్లీ చేరదీశాడు. ఇప్పుడామె అతని కొరియర్.

"ఆమెను నమ్మొచ్చా సార్?"

"వాణ్ని సంపాలని ఉన్నదామెకు. గంతవరకు నమ్ము. నాకు మాత్రం వాడు పానంతోని కావాలె."

మర్నాడు మంచిర్యాలలో రేడియో లైసెన్స్ ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఖాకీ కోటు, అంటించిన మీసం, జేబులో కెమెరా ఉన్న ఫౌంటెన్ పెన్. దేవదాస్ నవ్వుతూ కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. కొండల్ దాన్ని ముట్టలేదు. దేవదాస్ నవ్వు కొంచెం తగ్గింది.

అప్పుడే కారు ఆగింది. నల్ల గాగుల్స్, గులాబీ రంగు షిఫాన్ చీర. లోపలికి వచ్చిన నర్మద ఇన్‌స్పెక్టర్ వైపు చూస్తూ ఒక రేడియో మీద వేలు పెట్టింది.

"దీంట్ల ఢిల్లీ వస్తదా?"

"వానొస్తే రాదమ్మా" అన్నాడు కొండల్. కోడ్ కలిసింది.

ఆమె షాపు లైసెన్స్ పుస్తకం అందించింది. మధ్యలో మడిచిన చీటీ ఉంది: "రేపు పన్నెండు గంటలకు. వంతెన కాడి బంగ్లా."

పన్నెండు వరకు ఆగడం కొండల్‌కు మనసొప్పలేదు. పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలుండగానే బంగ్లా మెట్లెక్కాడు. లోపల తుపాకీ పేలింది.

దేవదాస్ నేల మీద పడి ఉన్నాడు. మోకాలి నుంచి నెత్తురు కారుతోంది. నర్మద చేతిలో పిస్తోలు.

"పన్నెండని రాసినవు గదమ్మా."

"అబద్ధం రాసిన సార్. పన్నెండుకు నీకు శవం దొరుకుతుండె."

దేవదాస్ పళ్లు బిగించి నవ్వాడు. "సంపుమను. పదకొండు ఇరవైకి వంతెన లేస్తది. నాకు జీపు ఇయ్యుండ్రి. నాగ్‌పూర్ చేరినంక ఏడున్నదో ఫోన్ల చెప్త."

కొండల్ టెలిఫోన్ అందుకుని రామగుండంలో మందుగుండు రైలును ఆపించాడు.

"రైలాపినవు. వంతెననెట్ల ఆపుతవ్?" అన్నాడు దేవదాస్.

నిజమే. గోదావరి నిండుగా పారుతోంది. అన్ని స్తంభాలు వెతకడానికి టైము లేదు.

నర్మద పిస్తోలు దించింది. "సార్, బయట రైల్వేవాళ్ల ట్రాలీ ఉన్నది. ఇతని కాళ్లు పట్టు."

దేవదాస్‌ను ట్రాలీకి కట్టేశారు. కొండల్ కార్డు చూసి సెంట్రీ పక్కకు తప్పుకున్నాడు. ట్రాలీ వంతెన మీదికి దొర్లింది. నర్మద మొగుడి పక్కనే కూర్చుంది. కొండల్ తోస్తున్నాడు. పదకొండు పన్నెండు.

"పిచ్చిలేసిందా? నువ్వు గూడ సస్తవ్" అన్నాడు దేవదాస్.

"జైల్ల కొట్టినా నీ పేరు చెప్పలే. ఆఖరికి నన్ను పట్టిచ్చిన కాయితం సూపిచ్చిండ్రు. కింద నీ దస్కతున్నది. గా దినం నుంచే నాకు భయం పోయింది."

పదకొండు పదిహేను. కొండల్ చేతులకు చెమట పట్టింది. ట్రాలీ కడ్డీ జారుతోంది. నర్మద వాచీ దేవదాస్ కళ్ల ముందు పెట్టింది.

పదకొండు పదిహేడు.

"ఐదో స్తంభం!" దేవదాస్ అరిచాడు. "రంగు డబ్బా... కింది గర్డరుకు..."

కొండల్ ఉరికాడు. రంగులేసేవాళ్ల వేషంలో దేవదాస్ మనుషులు వేలాడదీసిన డబ్బా అది. బోర్లా పడుకుని స్లీపర్ల సందులోంచి చెయ్యి దూర్చాడు. ఇనుప తీగ మెలి పడి ఉంది. వేలు తెగింది. మెలి ఊడింది. డబ్బాను బలం కొద్దీ నదిలోకి విసిరాడు.

అది నీళ్లలో మునగగానే పేలింది. వంతెన వణికింది. గోదావరి నీళ్లు ముగ్గురినీ తడిపాయి.

దేవదాస్ ఏడుస్తున్నాడు. నర్మద పిస్తోలు అతని నుదుటికి ఆనించింది.

"నర్మదమ్మా" అన్నాడు కొండల్ మెల్లగా. "అతను చెప్పకపోతే ఏం జేద్దువు?"

"చెప్తడు సార్. నాలుగేండ్లు కాపురం చేసిన. పానమంటే ఎంత తీపో నాకెరుక."

చాలాసేపటికి పిస్తోలు తీసి కొండల్ చేతిలో పెట్టింది.

"జైల్ల నాకు నిద్ర పట్టెటందుకు రెండు నెలలు పట్టింది. అదెట్లుంటదో ఇతనికి గూడ ఎరుక గావాలె." వెనక్కి చూడకుండా ఒడ్డు వైపు నడిచింది.

మూడోరోజు పర్శరాములు రిపోర్టు చదివి కళ్లద్దాలు తీశాడు.

"'పట్టాల మీద జారిపడి ముద్దాయి మోకాలికి గాయమైంది' అని రాసినవ్. డాక్టరు అండ్లకెళ్లి తూటా తీసిండట గద?"

"మన దిక్కు కంకర సార్" అన్నాడు కొండల్. "జర గట్టిగుంటది."